ముప్పైరెండో పడవ

మా పడవ పేరు సెన్ ప్రెసా.
గలీసియా వాళ్ల మాటల్లో, తొందర లేదని.
పందెంలాంటి యాత్రకు వచ్చి
ఆ పేరు పెట్టుకున్నందుకు
మూరోస్ రేవులో పొద్దున్నే మమ్మల్ని చూసి
నవ్వని వాళ్లు లేరు.

కాగితంలో మాది ముప్పైరెండో నంబరు.
పడవలూ ముప్పైరెండే.

కెప్టెన్ దొరిండా. అరవై ఎనిమిదేళ్లు.
నలభై ఏళ్లు మందుల షాపులో
డాక్టర్ల కోడిగీతలు చదివిన కళ్లు
ఇప్పుడు మబ్బుల్ని చదువుతాయి.
"మధ్యాహ్నం దాకా గాలి లేదు," అంది,
"ఆ తర్వాత పూటకు రెండుసార్లు."
"భోజనానికి ముందా, తర్వాతా?"
అడిగాడు ఎలాదియో.

ఎలాదియో సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు.
చుక్కాని చేతికిస్తే చాలు
ప్రతి మలుపులోనూ లేని హారన్ కోసం తడుముకుంటాడు.
వంట బ్రాయిస్‌ది, తిట్లు ఇరియావి,
తాళ్లు నావి.
ఏ తాడు లాగితే ఏ చాప కదులుతుందో
మూడేళ్లుగా, లాగాకే తెలుస్తోంది నాకు.

పదకొండింటికి సముద్రం
కాచి చల్లార్చిన పాలలా కదలడం మానేసింది.
తెరచాప వట్టి చాపయింది,
దాని నీడలో బ్రాయిస్ గుర్రుపెట్టాడు.
ఆల్చిప్పల్ని పెంచే చెక్క తెప్పలు
ఒకటీ, రెండూ, ఏడూ,
తీరిగ్గా మమ్మల్ని దాటి పోతున్నాయి.
అవి లంగరుకు కట్టేసి ఉన్నాయని
ఇరియాకు గుర్తొచ్చేసరికి
మేం చాలా దూరం వెనక్కి వచ్చేశాం.

తెప్ప మీద గుల్లలు గీకుతున్న ముసలామె
"ఏమర్రా, ఏమైనా మర్చిపోయారా?" అని కేకేసింది.
బ్రాయిస్ లేచి, బంగాళదుంపల అట్టులో సగం అందించాడు.
ఆమె బకెట్టెడు గుల్లలు దింపింది.
నియమాల పుస్తకం దీన్నేమంటుందో గానీ
మేం భోజనం అన్నాం.

రెండింటికి లేచింది గాలి.
నీళ్ల మీద ముందొక గరుకు, తర్వాతొక ముడత,
తర్వాత ఒక్క చరుపు.
కిందగదిలో గిన్నెలన్నీ ఒకేసారి
తమ అభిప్రాయం చెప్పాయి.
గాలికెదురు ముక్కుసూటిగా పోయేవాడు
ఈ విద్యలో ఉన్నచోటే నిలబడిపోతాడు.
కాస్త అటు, కాస్త ఇటు,
అబద్ధమాడకుండా అసలు సంగతి దాటేసేవాడిలా
మెలికలు తిరుగుతూ పోవాలి.
ఐదు పడవల్ని దాటాం. ఐదు!
ఇరియా తిట్లు మానేసి లెక్కపెట్టింది.

అప్పుడెగిరింది ఎలాదియో టోపీ.

టైర్ల కంపెనీ వాడు ఊరికే ఇచ్చిన టోపీ.
గాలికి పోయేదాన్ని ఒంటికి తగిలించుకోకూడదని
తెలియనివాళ్లం కాదు.
కానీ పదకొండేళ్ల స్నేహంలో మొదటిసారి
ఎలాదియో నెత్తిన ఎండ తళుక్కుమంది,
రెండు చేతులతో కప్పుకున్నాడు.
దొరిండా ఒక్క క్షణం చూసింది,
చీటీ చదివినట్టు.
"మనిషి నీళ్లలో!" అని అరిచింది.

నియమం ప్రకారం నేను వేలు చాచి
టోపీ మీంచి కన్ను తిప్పలేదు.
బ్రాయిస్ చాప దించాడు. ఇరియా కొక్కెం కర్ర పట్టింది.
మొదటి చుట్టులో దొరకలేదు. రెండో చుట్టులో
కర్ర కూడా నీళ్లలో పడింది.
మా కేక సగమే విని వెనక పడవ ఆగింది,
దాన్ని చూసి దాని వెనకది.
రేడియోలో ఎవరో కంగారుగా పేరడిగారు.
"టోపీ," అన్నాను.
"ఇంటిపేరు?"

కాసేపట్లో తొమ్మిది పడవలు
ఆ టోపీకి ప్రదక్షిణం చేస్తున్నాయి.
అదేమో మునగదు, చిక్కదు,
ఒక్కో పడవనూ పలకరించి తప్పుకుంటుంది.
చివరికి పోర్చుగల్ నుంచి వచ్చిన జంట
తమ పిల్లాడి రొయ్యల వలతో పట్టేశారు.
లోపలో చిన్న పీత,
అప్పుడే అద్దెకు దిగినట్టుంది.

పోర్తోసిన్ రేవులో బల్లలెత్తేస్తుంటే చేరాం.
ముప్పైరెండో స్థానం.
పొద్దున నంబర్లు పంచిన గుమాస్తా
'చెప్పానా' అన్నట్టు చూశాడు.

టోపీ తాడు మీద ఆరేశాం.
ఎలాదియో నెత్తి దానిమ్మపండై ఉంది.
దొరిండా సంచీలోంచి ఒక ట్యూబు తీసి
"పూటకు రెండుసార్లు," అంది.
ఈసారి అతనేమీ అడగలేదు,
బుద్ధిగా తల వంచాడు.

పీతను మెట్ల దగ్గర నీళ్లలో వదిలాను.
వెనక్కి చూడకుండా పరుగు తీసింది.
ఆ రోజు మొత్తం మీద
మా పడవలో తొందరపడింది
అదొక్కటే.